ముల్లు చెప్పెడి సాక్ష్యము

శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ జాతీయ రహదారియు, నిజామాబాదు మీదుగా జగిత్యాల వైపునకు పోవు 63వ జాతీయ రహదారియు కలిసికొను చోట, ఆర్మూరు నానుకొని, పెర్కిట్ అను ఊరు కలదు. మాఘ ఫాల్గుణ మాసములలో ఆ కూడలి చెంత క్షణకాలము నిలిచిన బాటసారికి ఊరి సంగతి కన్నుకంటె ముందు ముక్కు చెప్పును. ఏలయన బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి ప్రాంతముల చేలలో త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన పసుపు ఆ దినములలో లారీలమీదను, ట్రాలీ ఆటోలమీదను, పాత వ్యానులలోను నిజామాబాదు మార్కెట్ యార్డునకు తరలిపోవుచుండును.

అట్టి పాత వ్యానొకటి కూడలికి చేరువనున్న ఒక షెడ్డులో ముందుభాగము విప్పబడి యుండగా ఒక వేసవి ఉదయమున చూచితిని. దాని జబ్బు పైకి చిన్నదే. టాంకులో ఇంధనము సగమునకు తగ్గినను ముల్లు నిండుగనే చూపుచుండెను. ఇంజను ఇంకను వేడెక్కకముందే ఉష్ణోగ్రత ముల్లు సైతము ఎర్రగీత వైపునకు ప్రాకుచుండెను. మెకానిక్ టాంకు జోలికి పోలేదు, రేడియేటరు జోలికిని పోలేదు. రెండు ముళ్లు ఒక్కసారే అబద్ధమాడినచో తప్పు ఆ రెండింటిలో నుండదనియు, ఆ రెండింటికిని పొత్తుగానున్న చోటనే యుండుననియు నిశ్చయించి, డ్యాష్‌బోర్డు విప్పుటకు పూనుకొనెను. ఆ యొక్క నిశ్చయములో ఎంత భౌతికశాస్త్రము ఇమిడి యున్నదో విప్పి చూపుటయే ఈ యధ్యాయముయొక్క ఉద్దేశము.

పేరులో దాగిన గుర్రము

డ్యాష్‌బోర్డు అను మాట మోటారు బండికంటె ముందే పుట్టినది. ఆంగ్లమున దాని తొలిభాగమునకు చిందుట, ఎగసి తగులుట అను అర్థములు కలవు. గుర్రములు పరుగిడునపుడు డెక్కల తాకిడికి ఎగసిన బురదయు గులకరాళ్లును బండి తోలువానిపై పడకుండ అడ్డముగ నిలిపిన కొయ్యపలకకో తోలుపలకకో ఆ పేరు పెట్టిరి. గుర్రము పోయి ఇంజను వచ్చినను పలక పోలేదు. 1901లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబీల్ కారునకు ముందువైపున వంపు తిరిగిన ఆ పలకనుబట్టియే ‘కర్వ్‌డ్ డ్యాష్’ అను పేరు స్థిరపడెను. క్రమముగా ఆ పలక కొలత పరికరములను మోయు పీఠమైనది. బురదను ఆపుటకు పుట్టినది, కంటికి కానరాని వార్తలను కంటియెదుట నిలుపుటకు మిగిలినది.

మన పల్లెలలో ‘వ్యాను’ అనగానే ముందుగా తలపునకు వచ్చునది 1984లో వెలువడి, తరువాత ఓమ్నీ అను పేరు పొంది, 2019 వరకు తయారైన మారుతి వాహనము. 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనును ముందు సీట్ల క్రింద అమర్చిన ఆ బండిలోను, దానికంటె పెద్దదైన మెటడోర్ వంటి బండ్లలోను, డ్రైవరు మోకాళ్లకును ముందు అద్దమునకును నడుమనున్న కొద్దిచోటులోనే తీగలన్నియు కిక్కిరిసి యుండును. కావుననే అచ్చట చిన్న మరమ్మతైనను పెద్ద పనియగును. ఒక దీపపు బల్బు మార్చవలెనన్నను ఒక్కొక్కమారు పలకనంతయు కదలింపవలసి వచ్చును.

నలుగురు సాక్షులు

డ్యాష్‌బోర్డు మీది ఏ ముల్లును తాను చూపుచున్న వస్తువును నేరుగ చూడలేదు. ఇది పాఠకుడు మొదట గ్రహింపవలసిన విషయము. వేగపు ముల్లు వేగమును చూడదు. ఇంధనపు ముల్లు ఇంధనమును తాకదు. ప్రతి ముల్లును వేరొక మార్పును చూచి, దానినుండి అసలు సంగతిని మనకు నివేదించు సాక్షి మాత్రమే.

వేగమాపకము వీనిలో మిక్కిలి రమణీయమైనది. గేరుబాక్సు నుండి బయలుదేరిన మెత్తని ఉక్కుతీగ యొకటి, గొట్టములో తిరుగుచు వచ్చి, మాపకము వెనుక నున్న చిన్న శాశ్వతాయస్కాంతమును త్రిప్పును. ఆ అయస్కాంతమును కప్పి, దానిని తాకకుండ, అల్యూమినియపు గిన్నె యొకటి యుండును. ముల్లు ఆ గిన్నెకే అంటియుండును. అల్యూమినియమును అయస్కాంతము ఆకర్షింపదని మనమందరము ఎరుగుదుము. అయినను అయస్కాంతము తిరిగినపుడు గిన్నె కూడ దాని వెంట తిరుగజూచును. 1824లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆరగో రాగిపలక చెంత దిక్సూచి ముల్లు ఊగుట త్వరగా అణగిపోవుటను గమనించి ఆశ్చర్యపడెను. ఆ వింతకు కారణమును కొన్ని సంవత్సరములకు ఫారడే కనుగొనెను. కదలుచున్న అయస్కాంత క్షేత్రము లోహములో సుడులు తిరుగు విద్యుత్ప్రవాహములను పుట్టించును; ఆ సుడులు తమ స్వంత క్షేత్రముతో లోహమును అయస్కాంతము వెంట లాగును. బండి వేగము హెచ్చినకొలది లాగుడు హెచ్చును; గడియారములోని వెంట్రుకవంటి సన్నని స్ప్రింగు దానికి ఎదురు నిలుచును; రెండు బలములు తుల్యమైన చోట ముల్లు నిలుచును. ఈ సూత్రమును వేగమాపకముగా మలచి 1902లో పేటెంటు పొందినవాడు ఒట్టో షుల్జె అను జర్మను ఆవిష్కర్త. వేడికి అల్యూమినియపు నిరోధము పెరిగి సుడులు బలహీనపడునని యెరిగి, ఆ లోటును సరిపెట్టుటకు ఉష్ణోగ్రతతో గుణము మారు మిశ్రలోహపు ముక్కను అయస్కాంతము చెంత అమర్చుట కూడ కలదు.

ఇంధనపు సాక్ష్యము మరియొక తీరు. టాంకులో తేలు బుడ్డి యొకటి లేచుచు దిగుచు, నిరోధపు చుట్టమీద ఒక చేతిని జరుపును. నిరోధము మారగా ప్రవాహము మారును. పాత బండ్లలో ఆ ప్రవాహము రెండు లోహములను అంటించిన రేకు చుట్టునున్న తీగను వేడిచేయును. రెండు లోహములును సమముగ వ్యాకోచింపవు గావున రేకు వంగి ముల్లును నెట్టును. తాళము త్రిప్పినంతనే ముల్లు గంతులు వేయక మెల్లగా పైకి లేచినచో, అది ఈ వేడిరేకు మాపకమని తెలిసికొనవచ్చును. గతుకుల బాటలో టాంకులోని ఇంధనము అలలాడినను ముల్లు కంపింపకుండుటకు ఈ మందగమనమే కారణము.

ఇంజను వేడిని చెప్పునది నీటి మార్గమున కూర్చున్న థర్మిస్టరు. లోహములకు వేడితో నిరోధము పెరుగును, దీనికి తగ్గును. ఇట్టి విపరీత ధర్మమును 1833లోనే ఫారడే సిల్వర్ సల్ఫైడులో గమనించి యుండెను.

నాలుగవ సాక్షి మాటలాడుటతో బాటు పనియు చేయును. బ్యాటరీ బొమ్మగల ఎర్రదీపమునకు ఒకప్రక్క బ్యాటరీయు, మరియొక ప్రక్క ఆల్టర్నేటరును ఉండును. ఆల్టర్నేటరు తిరిగి విద్యుత్తును ఉత్పత్తిచేయగనే రెండుప్రక్కల వోల్టేజి సమమగును; సమమైనచోట ప్రవాహము లేదు గావున దీపము ఆరును. పాత బండ్లు పెక్కింటిలో ఆ దీపము గుండా పోవు కొద్దిపాటి ప్రవాహమే ఆల్టర్నేటరునకు తొలి అయస్కాంత శక్తిని ఇచ్చును. ఆ బల్బు మాడిపోయినచో బ్యాటరీ నిండకుండుటయు కలదు. దీపము వెలుగకుండుటను శుభముగా భావించువారు, తాళము త్రిప్పినపుడు అది ఒకమారు వెలిగినదా యని చూచుట అందువలన అవసరము.

విప్పుటలోని క్రమము

పనికి మొదట బ్యాటరీ రుణధ్రువపు తీగను, అనగా నల్లతీగను, తొలగింపవలెను. ఇది ఆచారము కాదు. దీనికి హేతువు కలదు. బండి ఉక్కుదేహమంతయు రుణధ్రువమునకు చేరియుండును. ధనధ్రువమును ముందు విప్పబూనిన పానా పొరబాటున బండి దేహమును తాకెనా, 12 వోల్టులే యైనను బ్యాటరీ లోనిరోధము అత్యల్పమగుటచే వందల ఆంపియర్లు ఆ పానాగుండా ప్రవహించి, అది ఎర్రగా కాలి, నిప్పురవ్వలు ఎగయును. రుణధ్రువమును విప్పునపుడు పానా దేహమును తాకినను రెండును ఒకే వోల్టేజిలో నుండుటచే ఏమియు జరుగదు. అది ఊడిన పిదప వలయమే తెగినది గావున ధనధ్రువమును విప్పుటలోను భయము లేదు. కొత్త బండ్ల విషయమున మరియొక జాగ్రత్త కలదు. మన దేశమున 2019 జూలై 1 నుండి కొత్త కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనది. అట్టి సంచి యున్న బండి స్టీరింగును తెలియనివారు ముట్టరాదు.

పిదప పైపైని తొడుగులు తీయవలెను: స్టీరింగు కాండము చుట్టునున్న చిప్పలు, నాబులు, ఆష్‌ట్రే, రేడియో చట్రము. మరలు ఎన్ని, ఎచ్చట నున్నవి యన్నది బండి బండికి వేరు. అయితే అన్నింటికిని ఒక నీతి సమానము. పలక కదలకున్నచో అచ్చట కంటబడని మర యొకటి మిగిలియున్నదని అర్థము. మరింత బలముగ లాగుము అని కాదు. ఇరువది వేసవులు చూచిన ప్లాస్టిక్కు బలమునకు లొంగదు, పగులును. పలక అంచును కొద్దిగ ఎత్తి, చేతిదీపముతో లోపలికి చూచినచో ఆ మర తానే కనబడును.

మాపకముల పెట్టెను వెలికి తీయునపుడు వేగపు తీగను ముందు విడదీయవలెను. మరచి లాగినచో తీగకంటె ముందు దానిని పట్టియున్న ప్లాస్టిక్కు మూతి విరుగును. తీగల అతుకులను తీగలు పట్టి కాక, అతుకు పెట్టెను పట్టి, దాని గొళ్లెమును నొక్కి విప్పవలెను. ప్రతి అతుకునకును గుర్తు చీటీ కట్టుట, మరలను తీసిన చోటు పేరు వ్రాసిన కాగితపు పొట్లములలో వేయుట, విప్పకముందు ఒక బొమ్మ గీచుట లేక ఫోనులో చిత్రము తీయుట, ఇవి చిన్నపనులవలె కనబడును గాని, బిగించుట యనునది వాస్తవమునకు ఇచ్చటనే ఆరంభమగుచున్నది. విప్పునపుడు చేతికి తోచిన క్రమము రెండు దినములకు మనస్సున నిలువదు, కాగితమున నిలుచును.

పసుపు, ఎండ, తుప్పు

ఆ షెడ్డులో పలక లేచినపుడు నన్ను ఆకర్షించినది పనిముట్లు కాదు, దుమ్ము. డ్యాష్‌బోర్డు పైభాగము బూడిదవన్నెగా వెలిసియుండగా, దాని వెనుకనున్న చీకటిలోని తీగలకట్టపై మాత్రము లేతపసుపు పొర నిలిచియుండెను. పసుపునకు ఆ వన్నె నిచ్చు కర్కుమిన్ వెలుతురునకు విచ్ఛిన్నమగును. అందుచే ఎండ సోకిన చోట వన్నె పోయినది, సోకని చోట నిలిచినది. తడిగుడ్డకు సబ్బు పట్టించి ఆ పొరను తుడువగా గుడ్డ ఎర్రబారెను. పసుపున సున్నము కలిపి పారాణి చేయు ప్రతి తెలుగింటికిని తెలిసిన రసాయనమే యిది. సబ్బు కూడ సున్నమువలె క్షారము గావున కర్కుమిన్ అణువు దానితో చేరి ఎరుపు వన్నెను పొందును. ఆ బండి ఎన్ని పంటలు మోసినదో లెక్క చెప్పలేను గాని, ఏ పంట మోసినదో ఆ గుడ్డ చెప్పినది.

పసుపు దుమ్మైనను, బాటదుమ్మైనను దానంతట అది శత్రువు కాదు. వానకాలమున అది తేమను పట్టి నిలుపును. తేమ నిలిచినచోట ఇనుము తుప్పుపట్టును. తుప్పు విద్యుత్తును అడ్డును. మోటారు బండిలో ప్రతి దీపమునకును, ప్రతి మాపకమునకును ఒక తీగయే వచ్చును. రెండవ మార్గము బండి దేహమే. ఆ దేహమునకు బిగించిన మరను ‘ఎర్తు’ అందురు. అది చెడినపుడు ‘ఎర్తు దొరకుట లేదు’ అందురు. ఎంత యథార్థమైన పలుకుబడి! ప్రవాహము తిరిగిపోవు దారి వెదకుచున్నది, దొరకుట లేదు. 55 వాట్ల హెడ్‌లైటు ఎర్తు చెంత తుప్పువలన కేవలము అర ఓము నిరోధము చేరినను, 12 వోల్టులలో సుమారు 2 వోల్టులు ఆ తుప్పులోనే వ్యయమై, దీపము మసకబారును. ఎర్తు పూర్తిగ తెగినచో ప్రవాహము వేరొకదాని గుండా దొంగదారి వెదకికొనును. ఇండికేటరు వేసినపుడెల్ల ఇంధనపు ముల్లు ఉలికిపడు బండిని చూచినవారికి ఇది తెలియును.

మొదట చెప్పిన వ్యానులోని రహస్యము ఇదియే. వేడిరేకు మాపకములకు బ్యాటరీ వోల్టేజి నేరుగ పంపరాదు. అది హెచ్చుతగ్గులైనపుడెల్ల ముల్లు కదలును. అందుచే రెండింటికిని కలిపి వోల్టేజిని స్థిరముగ నిలుపు చిన్న పరికర మొకటి వెనుక నుండును. దాని ఎర్తు పోయినచో అది తన పని మాని, బ్యాటరీ వోల్టేజి నంతయు రెండు మాపకములకును వదలివేయును. రెండు ముళ్లును కలిసి పైకి పోవును. ఆ పెట్టె వెనుక మర క్రింద గోధుమవన్నె తుప్పు కనబడెను. ఎమరీ కాగితముతో లోహము మెరయునట్లు రుద్ది, మర బిగించి, తేమ చొరకుండ గ్రీజు పూయగా, రెండు ముళ్లును తమ తమ సత్యస్థానములకు దిగివచ్చెను. విప్పుటకు అరపూట పట్టినది. దోషము తీర్చుటకు అరగంట పట్టలేదు.

ఎండ చేయు హాని వేరు. నిజామాబాదు ప్రాంతపు వేసవిలో నీడనే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. మూసియున్న బండిలో, ముందు అద్దము క్రింద, వేడి అంతకంటె మిక్కిలి హెచ్చును. వినైలు పైపొరకు మెత్తదనమునిచ్చు తైలమువంటి ద్రవ్యము ఆ వేడికి ఏటేట ఆవిరియై అద్దముపై జిడ్డుగా పేరుకొనును. పొర పెళుసై పగులును. ఏబీఎస్ ప్లాస్టిక్కు ఉక్కుకంటె ఆరేడు రెట్లు హెచ్చుగ వ్యాకోచించును: 1.2 మీటర్ల పొడవుగల పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగగా, దానిని మోయు ఉక్కుచట్రము అర మిల్లీమీటరునకు కొంచెము మించి మాత్రమే పెరుగును. ఈ మూడు మిల్లీమీటర్లకు పైబడిన వ్యత్యాసము ఎచ్చటికి పోవలెను? అందులకే పలక రంధ్రములు కొన్ని గుండ్రముగ గాక కోలగ నుండును.

బిగించుట

బిగించుట యనగా విప్పిన పనినే తలక్రిందుగ చేయుట యని చెప్పుదురు. క్రమమున కది నిజము. శ్రద్ధ విషయమున కాదు. తొందరపడి మొదటి మరనే పూర్తిగ బిగించువాడు చివరి రంధ్రము చట్రముతో కలియక అవస్థపడును. మరలన్నింటిని ముందు రెండు మూడు చుట్లు మాత్రమే త్రిప్పి, పలక తన చోట తాను కూర్చున్న పిదప, నడుమనుండి అంచులకు బిగించుకొని రావలెను. కోల రంధ్రములలో మరను ప్రాణము పోవునట్లు బిగించినచో ప్లాస్టిక్కునకు జరుగు చోటు పోయి, అది తన చోటును పగులుట ద్వారా సంపాదించుకొనును. మర తలక్రింద వాషరును మరువరాదు.

వేగపు తీగను పెద్ద వంపులుగ పోనీయవలెను. ఇరుకున పడి మడతబడినచో లోపలి తీగ గొట్టమునకు రాచుకొని, ఒకింత మెలిపడి, ఒక్కసారిగ వదలును. అప్పుడు బండి సమవేగమున పోవుచున్నను ముల్లు వణకుచుండును. తీగలకట్ట పెడల్‌లకుగాని స్టీరింగు కాండమునకుగాని తగులరాదు. పదునైన రేకు అంచునకు ఒరసికొనరాదు. ఫ్యూజు మాడినచో దాని అంకెగల ఫ్యూజునే వేయవలెను. ఫ్యూజు మాడుట చెడుగు కాదు, అది తాను కరగి తీగలను కాపాడుట. దాని స్థానమున రాగితీగ చుట్టువాడు కావలివానిని వెళ్లగొట్టి ఇంటికి నిప్పును ఆహ్వానించువాడు. అన్నియు ముగిసిన పిదప ధనధ్రువమును, చివరకు రుణధ్రువమును బిగించి, పలక తుదిమరలు బిగియకముందే దీపములను, హారనును, వైపరులను, ముళ్లను ఒక్కొక్కటిగ పరీక్షింపవలెను.

రాతితో సరిచూచుట

అయినను పని ముగియలేదు. సాక్షిని మరల బోనులో నిలిపితిమి; అతడు నిజము చెప్పుచున్నాడా యని ఇంకను అడుగలేదు. వేగమాపకము చక్రపు చుట్లను లెక్కించునుగాని నేలపై దూరమును కొలువదు. 270 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల టైరు 6 మిల్లీమీటర్లు అరిగినచో నూటికి రెండుకు మించిన తేడా వచ్చి, ముల్లు అసలు వేగముకంటె హెచ్చు చూపును. ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపరాదనియు, హెచ్చు చూపినను అసలు వేగములో పదవ వంతుపై 4 కిలోమీటర్లకు మించరాదనియు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 39వది శాసించుచున్నది. అనగా అసలు వేగము 60 అయినపుడు ముల్లు 60కి 70కి నడుమ నుండవచ్చును, 58 వద్ద నుండరాదు.

దీనిని పరీక్షించుటకు పెర్కిట్ వాసులకు ప్రయోగశాల యేదియు అక్కరలేదు; ఊరి ముంగిటనే జాతీయ రహదారి కలదు, దాని ప్రక్కన కిలోమీటరు రాళ్లు కలవు. రద్దీ లేని వేళ, నడుపువాడు బాటనే చూచుచు ముల్లును 60 వద్ద నిలుపగా, ప్రక్క సీటులోని వారు ఒక రాతినుండి మరియొక రాతివరకు గడిచిన సెకండ్లను లెక్కింపవలెను. 3600ను ఆ సంఖ్యచే భాగించినచో అసలు వేగము వచ్చును. 60 సెకండ్లైనచో ముల్లు నిజము పలికినది. 66 సెకండ్లైనచో అసలు వేగము 54.5, ముల్లు కొంత హెచ్చు చెప్పినను హద్దులోనే యున్నది. 55 సెకండ్లైనచో అసలు వేగము 65 దాటినది. ఆ ముల్లును నమ్మి బండి నడుపుట ప్రమాదకరము, మాపకమును మరల విప్పవలసినదే.

పాత వ్యానుగల ప్రతివారికిని నా మనవి యిదియే: డ్యాష్‌బోర్డు విప్పి బిగించిన దినమున, చివరి మర బిగిసినదని తృప్తిపడి బాడుగ కొరకు బయలుదేరకుడు. ముందు టాంకులో కొలిచిన ఇంధనము పోసి ముల్లు ఎంత లేచునో చూడుడు. తాళము త్రిప్పి ఎర్రదీపము వెలిగి ఆరునో లేదో చూడుడు. పిదప రెండు రాళ్ల నడుమ ఒకమారు కాలము లెక్కింపుడు. ఆ మూడింటికిని సరియైన సమాధానము వచ్చినపుడు మాత్రమే ఆ పలక తిరిగి బిగింపబడినదని చెప్పవచ్చును.